పడకగదిలో మిక్సింగ్: ఫోమ్ అంటించినా బేస్ ఎందుకు కుదరదు?

క్లుప్తంగా

ఇంట్లో మిక్స్ చేసిన (గొంతునూ వాద్యాలనూ తగిన పాళ్లలో కలిపిన) పాట కారులోనో పెళ్లి డీజేలోనో వేరేలా వినిపిస్తే ఎక్కువసార్లు తప్పు గదిదే. మన కాంక్రీటు గదుల్లో అసలు చిక్కు సుమారు 200 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల సంఖ్య) కంటే కింద, అంటే బేస్‌లో ఉంటుంది. పెట్టే ఖర్చు మాత్రం దానికి చాలా పైన ఉన్న శబ్దాల మీద పోతుంది. కుర్చీ, స్పీకర్లు సరైన చోటికి జరపడానికి పైసా అక్కర్లేదు, మార్పు కూడా అక్కడే ఎక్కువ. ఆ తరువాత డబ్బు పెడితే మందమైన రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన ఉన్ని) లేదా దూది ప్యానెళ్లకు పెట్టాలి. అప్పటికీ తీరని లోటుకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి.

గదిలో ఒకలా, కారులో ఒకలా

ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, ఐదంగుళాల స్పీకర్ల జత ఉంటే ఇంట్లోనే పాట మిక్స్ చేసేయొచ్చు. యూట్యూబ్‌లో వచ్చే జానపద పాటలు, షార్ట్ ఫిల్ముల నేపథ్య సంగీతం, భక్తి పాటలు ఎన్నో పడకగదుల్లోనే తయారవుతున్నాయి. చేసేవాళ్ల ఫిర్యాదు మాత్రం దాదాపు ఒకటే. గదిలో బ్రహ్మాండంగా ఉన్న పాట కారులో పెడితే డప్పు మోతలో గొంతు మునిగిపోతుంది. లేదా గదిలో గుండెల మీద కొట్టినట్టున్న బేస్ బయట ఉందో లేదో కూడా తెలియదు.

అనుమానం ముందు స్పీకర్ల మీదికి, తరువాత ప్లగిన్ల (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాడే చిన్న ప్రోగ్రాముల) మీదికి పోతుంది. చివరికి ఆన్‌లైన్‌లో నల్ల ఫోమ్ ముక్కల ప్యాకెట్ తెప్పించి గోడకు అంటిస్తారు. చప్పట్లు కొడితే గది మునుపటిలా మోగదు కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది. బేస్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా ట్రెబుల్‌ను ఫోమ్ పీల్చేయడంతో, ఆ లోటు పూడ్చడానికి మిక్స్‌లో ట్రెబుల్ పెంచుతారు. అలా తయారైన పాట బయట చెవుల్లో గుచ్చుకుంటుంది. ఖర్చు పెట్టాక సమస్య ఒకటి పెరిగిందన్నమాట.

సలహా చెక్క ఇంటిది, గది కాంక్రీటుది

హోమ్ స్టూడియో గురించి ఇంటర్నెట్‌లో దొరికే వీడియోల్లో ఎక్కువ భాగం అమెరికా, కెనడా ఇళ్లలో తీసినవి. అక్కడి మామూలు ఇంట్లో లోపలి గోడ అంటే చెక్క చట్రానికి రెండు వైపులా బిగించిన అర అంగుళం జిప్సం బోర్డు. బేస్ తగిలితే ఆ బోర్డు సన్నగా కంపిస్తుంది. కొంత శక్తి ఆ కంపనంలోనే ఖర్చయిపోతుంది, కొంత గోడ దాటి పక్క గదిలోకి పోతుంది. పక్క గదిలో పడుకున్నవాళ్లకు అది బాధే కానీ, మిక్స్ చేసేవాళ్లకు మేలు.

మన ఇళ్లలో బయటి గోడ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, లోపలిది నాలుగున్నర. పైన ఆర్‌సీసీ స్లాబ్, కింద విట్రిఫైడ్ టైల్స్. హైదరాబాద్‌లో కొత్తగా లేస్తున్న టవర్లలో మైవాన్ షట్టరింగ్ (గోడలనూ స్లాబునూ అల్యూమినియం అచ్చుల్లో పోసే పద్ధతి) వల్ల గోడలు కూడా పూర్తిగా కాంక్రీటే. ఇవి కంపించవు. వీటిని తాకిన బేస్ దాదాపు మొత్తం వెనక్కి తిరిగి వస్తుంది. కాబట్టి విదేశీ వీడియోలో గది మూలల్లో రెండు ఫోమ్ దిమ్మెలు పెట్టి ‘తేడా చూశారా’ అన్నప్పుడు, ఆ గదిలో సగం పని గోడలే చేసి పెట్టాయని గుర్తుంచుకోవాలి. మన గదిలో ఆ సాయం ఉండదు.

ఈ లెక్కన ఊళ్లో పాత పెంకుటిల్లు బేస్ వినడానికి కొత్త ఫ్లాట్ కంటే నయం. కప్పు వాలుగా ఉంటుంది కనుక నేలకు సమాంతరం కాదు. పెంకుల సందుల్లోంచి, చూరు కింది ఖాళీల్లోంచి బేస్ బయటికి పోతుంది. అదే దారిలో కోడి కూత లోపలికి వస్తుందన్నది వేరే సంగతి. ఫ్లాట్‌లలో జిప్సం ఫాల్స్ సీలింగ్ ఉన్న గది కూడా బోడి స్లాబ్ కింది గది కంటే కాస్త మెరుగే. ఆ షీటుకూ స్లాబుకూ మధ్య ఉన్న గాలి వల్ల షీటు కంపించి కింది ఫ్రీక్వెన్సీలను కొంత తింటుంది. ఇల్లు అద్దెకు వెతుక్కునేటప్పుడు చూసుకోదగ్గ విషయమే ఇది.

10 × 12 గదిలో ఏం జరుగుతుంది

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న తరంగం ఆ గోడల మధ్య ఇరుక్కుని నిలబడిపోతుంది. సరైన సమయంలో తోస్తూ ఉంటే ఉయ్యాల ఊపు పెరిగినట్టు, స్పీకర్ నుంచి అదే ఫ్రీక్వెన్సీ వస్తున్నంత సేపూ దాని బలం పెరుగుతూ పోతుంది. దీన్నే రూమ్ మోడ్ అంటారు. లెక్క తేలికే: 1,130ని గది కొలతకు రెట్టింపుతో భాగించాలి.

పన్నెండు అడుగుల పొడవుకు వచ్చేది 47 హెర్ట్జ్. పది అడుగుల వెడల్పుకు 56.5. మన గదుల్లో స్లాబ్ ఎత్తు కూడా తరచుగా పది అడుగుల దగ్గరే ఉంటుంది. అంటే మళ్లీ 56.5. వెడల్పు, ఎత్తు రెండూ ఒకే ఫ్రీక్వెన్సీని మోగిస్తాయి. గది 10 × 10 అయితే మూడు కొలతలూ ఒకే చోట కలుస్తాయి. మిక్సింగ్‌కు అంతకంటే చెడ్డ గది దొరకదు. మూడు గదుల్లో ఒకటి ఎంచుకునే వీలుంటే మూడు కొలతలూ వేరువేరుగా ఉన్నది తీసుకోవడం ఉత్తమం, అది కాస్త చిన్నదైనా సరే.

ఈ అంకెలు పాటలో ఎక్కడ తగులుతాయో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఇప్పటి జానపద డీజే పాటల్లో 808 బేస్ (డ్రమ్ మెషీన్ నుంచి వచ్చిన లోతైన బేస్ శబ్దం) తిరిగేది సరిగ్గా 40 నుంచి 80 హెర్ట్జ్ మధ్యనే. అందులో ఎ నోటు 55 హెర్ట్జ్, అంటే పది అడుగుల మోడ్ పక్కనే. దాని పైనున్న సి నోటు 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 10 × 12 గదిలో 57 నుంచి 73 హెర్ట్జ్ దాకా ఒక్క మోడ్ కూడా లేదు. ఫలితంగా బేస్ లైన్‌లో ఎ నోటు గదంతా మోగుతుంది, సి నోటు సన్నబడిపోతుంది. మిక్స్ చేసేవారు ఎ తగ్గించి సి పెంచుతారు. ఆ గదిలో అది న్యాయంగానే వినిపిస్తుంది. బరాత్‌లో పెద్ద స్పీకర్ల మీద అదే పాట వేసినప్పుడు సి నోటు వచ్చిన ప్రతిసారీ బేస్ మీద పడుతుంది.

మోడ్‌లో ఇంకో గుణం ఉంది. గోడ దగ్గర పీడనం గరిష్ఠం, గది మధ్యలో దాదాపు సున్నా. ఒకే గదిలో గోడకు ఆనుకుని కూర్చున్న స్నేహితుడు ‘బేస్ ఎక్కువైంది’ అంటే, నడిమధ్య కుర్చీలో ఉన్నవారు ‘బేస్ ఎక్కడుంది’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఖర్చు లేకుండా అయ్యేది

మన పడకగది అమరిక మిక్సింగ్‌కు దాదాపు ఎప్పుడూ ఎదురే ఉంటుంది. మంచం మధ్యలో, బీరువా ఒక మూల, అటాచ్డ్ బాత్రూమ్ తలుపు ఇంకో మూల, మిగిలిన సందులో టేబుల్. ఆ టేబుల్ మూలకు చేరడంతో ఒక స్పీకర్ పక్కన గోడ, రెండో స్పీకర్ పక్కన ఖాళీ. ఎడమ, కుడి ఒకలా వినిపించే అవకాశమే లేదు. ఏ ప్యానెలూ కొనకముందు సరిచేయాల్సింది దీన్ని.

టేబుల్‌ను చిన్న గోడకు, అంటే పది అడుగుల గోడకు, సరిగ్గా మధ్యలో వేయాలి. స్పీకర్లు గది పొడవు వెంట చూడాలి. రెండింటి మధ్య సుమారు నాలుగు అడుగుల దూరం, వాటికీ తలకూ మధ్య కూడా అంతే. ట్వీటర్ (స్పీకర్‌లో ట్రెబుల్ పలికే చిన్న భాగం) చెవి ఎత్తుకు రావాలి. తల ఎదుటి గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో ఉండాలని స్టూడియోలు కట్టేవాళ్లు చెప్పే మోటు లెక్క ఒకటుంది. పన్నెండు అడుగులకు అది నాలుగున్నర అడుగులు. ఇదేమీ శాసనం కాదు. ఆ చోట పొడవుకు సంబంధించిన మొదటి మూడు మోడ్‌లలో దేని సున్నా బిందువూ పడదు, అంతవరకే. అక్కడి నుంచి కుర్చీని అరడుగు ముందుకూ వెనక్కూ జరుపుతూ వినాలి.

వెడల్పు సంగతి వేరు. తల సరిగ్గా మధ్యలో ఉండక తప్పదు కదా, మరి అక్కడ 56 హెర్ట్జ్ మోడ్ సున్నా కాదా అన్న సందేహం సహజం. నిజానికి బేస్ సాధారణంగా రెండు స్పీకర్లలోనూ సమానంగా వస్తుంది. అవి పక్క గోడలకు సమాన దూరంలో ఉంటే ఆ మోడ్‌ను ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అది లేవనే లేవదు. టేబుల్ మూలకు జరిగితే పోయేది స్టీరియో ఒక్కటే అనుకుంటారు కానీ, బేస్ చెడిపోయేది కూడా అందువల్లే.

స్పీకర్‌ను వెనక గోడకు ఎంత దూరంలో పెట్టాలన్న దాని మీద కూడా గందరగోళం ఉంది. ‘గోడకు దూరంగా పెట్టండి’ అన్న సలహా పెద్ద హాళ్లకు సరిపోతుంది. స్పీకర్ వెనక గోడకు తగిలి వచ్చిన బేస్, నేరుగా వచ్చిన బేస్‌తో ఎదురుపడి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రద్దయిపోతుంది. స్పీకర్ ముందు భాగం గోడకు రెండు అడుగుల దూరంలో ఉంటే ఆ గుంత 141 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, మూడడుగులైతే 94 దగ్గర. రెండూ మగ గొంతు, మృదంగం ఎడమ వైపు, బేస్ గిటార్ ఉండే చోట్లే. ఒక్క అడుగుకు తగ్గిస్తే గుంత 280 హెర్ట్జ్ పైకి పోతుంది. ఆ ఎత్తున దాన్ని స్పీకర్ వెనక గోడ మీది ఒక మందపాటి ప్యానెల్ పట్టుకోగలదు. చిన్న గదిలో స్పీకర్లను గోడకు దగ్గరగా జరపడమే మేలు. దానివల్ల పెరిగే బేస్‌ను తగ్గించడానికి చాలా స్పీకర్ల వెనక స్విచ్ ఉంటుంది. వెనక వైపు పోర్టు (గాలి రంధ్రం) ఉన్నవాటికి నాలుగైదు అంగుళాల ఖాళీ చాలు.

మంచాన్ని కుర్చీ వెనక ఉన్న గోడ వైపుకు నెడితే అది అడ్డం కాకుండా పనికొస్తుంది. ఆరడుగుల పరుపు గదిలో ఉన్న అతిపెద్ద శబ్ద శోషకం. బట్టలు నిండిన చెక్క అల్మరా వెనక మూలలో ఉంటే మిక్స్ చేసేటప్పుడు తలుపులు తెరిచి ఉంచొచ్చు. స్టీలు బీరువాతో మాత్రం జాగ్రత్త. స్పీకర్లలో 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా ఎక్కే ఒక టోన్ వేసి చూస్తే, ఎక్కడో ఒకచోట బీరువా తలుపు గురగురమంటుంది. దాని మీద పెట్టిన సూట్‌కేసు హ్యాండిల్, సజ్జ మీది స్టీలు డబ్బాలు, కిటికీ గడియ ఒక్కొక్కటీ తన వంతు రాగానే పలుకుతాయి. స్నేర్ డ్రమ్‌లో ఏదో గరగర ఉందని గంటల తరబడి ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే సాధనం) తిప్పితే, ఆ శబ్దం కిటికీ గడియది అయివుండొచ్చు. మడిచిన కాగితం ముక్క దూర్చితే సరిపోతుంది.

పలుచటి ఫోమ్ ఎందుకు పనిచేయదు

ఫోమ్, దూది, రాక్‌వూల్ అన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. వాటి సన్నటి రంధ్రాల్లో గాలి ముందుకూ వెనక్కూ కదులుతూ రాపిడికి గురై, ధ్వని శక్తి వేడిగా మారుతుంది. గాలి కదిలితేనే పని జరుగుతుంది. గోడకు ఆనుకుని ఉన్న గాలి కదలలేదు, గోడ అడ్డం. అది బాగా కదిలేది గోడ నుంచి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరంలో.

వెయ్యి హెర్ట్జ్‌కు ఆ నాలుగో వంతు మూడున్నర అంగుళాల లోపే. వంద హెర్ట్జ్‌కు రెండు అడుగుల పది అంగుళాలు. యాభై హెర్ట్జ్‌కు ఐదున్నర అడుగుల పైచిలుకు. గోడకు అంటించిన అంగుళం ఫోమ్‌కు వెయ్యి హెర్ట్జ్ పైన ఉన్నవే సరిగ్గా అందుతాయి. బేస్ తరంగం దాన్ని పట్టించుకోకుండా వెళ్లి గోడను తాకి తిరిగొస్తుంది. గది నిండా అంటించినా ఇంతే, ఎందుకంటే ఇక్కడ కావాల్సింది లోతు, విస్తీర్ణంతో ఆ లోటు తీరదు. కోడిగుడ్ల అట్టలు దీనికంటే కూడా అధ్వాన్నం. ఎత్తుపల్లాల వల్ల పై ఫ్రీక్వెన్సీలు కొంచెం చెదురుతాయి, అంతే.

ఫోమ్‌లో ఇంకో ముప్పుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మామూలు పాలీయురిథేన్ ఫోమ్ వేగంగా అంటుకుని విషపూరితమైన పొగ వదులుతుంది. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ నైట్‌క్లబ్‌లో బాణసంచా నిప్పు గోడల మీది ఫోమ్‌కు అంటుకుని 100 మంది చనిపోయారు. 2013 జనవరి 27న బ్రెజిల్‌లో శాంటా మరియా పట్టణంలోని కిస్ నైట్‌క్లబ్‌లోనూ కప్పుకు అంటించిన ఫోమ్ కాలడం వల్లే ఘోరం జరిగింది, మృతులు 242 మంది. పడకగదిలో బాణసంచా ఉండదు నిజమే. అగరుబత్తి, దోమల కాయిల్, వేడెక్కే ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉంటాయి.

ఎన్ని ప్యానెళ్లు కావాలి

ఈ ప్రశ్నకు లెక్క కట్టిన మనిషి హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పిన వాలెస్ సబీన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన లెక్చర్ హాల్లో ఒక మాట పలికితే ఐదున్నర సెకన్ల దాకా మోగుతుండేది. పాఠం వినపడక విద్యార్థులు ఇబ్బంది పడేవారు. సబీన్ పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట తెప్పించి, ఎన్ని మెత్తలు పెడితే మోత ఎంత తగ్గుతుందో కొలిచి, తెల్లారేసరికి తిరిగి పంపించేవాడు. ఆ కొలతల్లోంచి పుట్టిన సూత్రమే ఇప్పటికీ వాడుకలో ఉంది. గది ఘనపరిమాణాన్ని 0.049తో గుణించి, మొత్తం శోషణతో (ఒక్కో ఉపరితల వైశాల్యాన్ని అది పీల్చే వాటాతో గుణించి కూడినదానితో) భాగిస్తే మోత ఎన్ని సెకన్లుంటుందో వస్తుంది (కొలతలు అడుగుల్లో ఉన్నప్పుడు).

మన 10 × 12 × 10 గది 1,200 ఘనపుటడుగులు. గోడలు, నేల, కప్పు కలిపి 680 చదరపుటడుగులు. రంగు వేసిన ప్లాస్టరు, టైలు తమ మీద పడిన ధ్వనిలో సుమారు నూటికి రెండు పాళ్లే తీసుకుంటాయి. అంటే మొత్తం శోషణ 14 లోపు, మోత నాలుగు సెకన్ల పైన. తలుపులు, కిటికీలు ఉంటాయి కాబట్టి నిజంగా అంత రాదు కానీ, ఇల్లు మారిన రోజు ఖాళీ గదిలో మాట్లాడితే వినిపించేది ఇదే. పరుపు, పరదాలు, బట్టలు చేరితే శోషణ 80 దాకా వస్తుంది, మోత 0.7 సెకన్లకు దిగుతుంది. మిక్సింగ్‌కు ఇంత చిన్న గదిలో 0.3, 0.4 సెకన్ల మధ్య ఉంటే బాగుంటుంది. 0.4కు కావాల్సిన శోషణ సుమారు 147. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న ఒక మంచి ప్యానెల్ మధ్య ఫ్రీక్వెన్సీల్లో 8 దాకా ఇస్తుంది. ఎనిమిది ప్యానెళ్లతో లోటు దాదాపు పూడుతుంది.

ఈ లెక్క సుమారు 200 హెర్ట్జ్ పైన మాత్రమే నమ్మదగింది. దాని కింద గది మోడ్‌ల రాజ్యం. అక్కడ ప్యానెళ్ల సంఖ్య కంటే వాటి మందం, స్థానం నిర్ణయిస్తాయి.

ఎనిమిదిలో నాలుగు మూలలకు పోవాలి. రెండడుగుల ప్యానెల్‌ను మూలకు అడ్డంగా, రెండు గోడల మధ్య నిలబెడితే వెనక మధ్యలో అడుగు లోతు గాలి మిగులుతుంది. అన్ని మోడ్‌లూ మూలల్లో కలుస్తాయి, ప్యానెల్ గోడకు దూరంగా ఉంటుంది. కింద ఒకటి, దాని మీద ఒకటి పెట్టి స్పీకర్ల వెనక ఉన్న రెండు మూలలనూ ఎనిమిది అడుగుల ఎత్తు దాకా మూసేయొచ్చు. రెండు ప్యానెళ్లు పక్క గోడల మీద మొదటి రిఫ్లెక్షన్ (స్పీకర్ ధ్వని గోడకు ఒక్కసారి తగిలి చెవికి రావడం) పడే చోటికి. కుర్చీలో ఒకరు కూర్చోగా మరొకరు గోడ వెంట అద్దం జరుపుతుంటే, స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అదే ఆ చోటు. ఈ గదిలో ఆ గోడ నుంచి వచ్చే ధ్వని నేరుగా వచ్చేదాని కంటే సుమారు 4 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరి, గొంతు రంగును మార్చేస్తుంది.

ఏడోది తల మీద కప్పుకు. ఇక్కడ సీలింగ్ ఫ్యాను అడ్డొస్తుంది. 48 అంగుళాల ఫ్యాను గది మధ్యలో ఉంటే ఎదుటి గోడ నుంచి నాలుగడుగుల దాకా మాత్రమే ఖాళీ. అదృష్టవశాత్తూ రిఫ్లెక్షన్ పడేది మూడడుగుల లోపే కాబట్టి, రెండడుగుల ప్యానెల్‌ను అడ్డంగా వేలాడదీస్తే సరిపోతుంది. ఎనిమిదోది వెనక గోడకు, మంచం తల వైపు.

తయారీ, చెదలు, తేమ

రాక్‌వూల్ మ్యూజిక్ షాపుల్లో అడిగితే దొరకదు, దొరికినా ‘అకౌస్టిక్’ అన్న పేరుకు ధర పెరుగుతుంది. బాయిలర్లకు, కోల్డ్ స్టోరేజీలకు, ఏసీ డక్టులకు ఇన్సులేషన్ అమ్మే డీలర్ల దగ్గర అదే సరుకు 50 మిల్లీమీటర్ల స్లాబులుగా ఉంటుంది. 48 లేదా 64 సాంద్రత (ఘనపు మీటరుకు కిలోల్లో) అడగాలి. 96, 144 మరీ గట్టివి, నాలుగంగుళాల మందంలో బేస్‌ను లోపలికి రానివ్వకుండా తిప్పికొడతాయి. రెండు స్లాబులు కలిపితే నాలుగంగుళాలు. కార్పెంటర్ దగ్గర రీపర్లతో చట్రం కొట్టించి, అందులో స్లాబులు పేర్చి, పైన గుడ్డ లాగి స్టేపుల్ చేయడమే పని. గుడ్డకు పరీక్ష ఒకటే: నోటికి ఆనించి ఊదితే గాలి తేలిగ్గా అవతలికి పోవాలి. ఖాదీ, పలుచటి దుప్పటి పనికొస్తాయి, రెక్సిన్ పనికిరాదు. రాక్‌వూల్ నూగు దురద పెడుతుంది కనుక కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్, నిండు చేతుల చొక్కా తప్పవు.

రాక్‌వూల్ వద్దనుకుంటే పాత దూది పరుపు ఉంది. గడ్డకట్టిన దూదిని ఏకించి, గుడ్డ సంచుల్లో నాలుగైదు అంగుళాల మందంగా కుట్టిస్తే మధ్య ఫ్రీక్వెన్సీలకు చక్కగా పనిచేస్తుంది. బూరుగు దూది కూడా అంతే. దూది నిప్పుకు లొంగుతుంది, రాక్‌వూల్ లొంగదు. ప్లగ్ బోర్డుల దగ్గర దూది పెట్టకపోవడం మంచిది. మార్కెట్లో రంగురంగులుగా దొరికే 9 మిల్లీమీటర్ల పాలిస్టర్ షీట్లు గోడకు అందమే కానీ, పలుచటి ఫోమ్‌కు ఉన్న జబ్బే వీటికీ ఉంది.

గోడకు వేసే ప్యానెల్ వెనక రెండు నుంచి నాలుగు అంగుళాల ఖాళీ వదిలితే రెండు లాభాలు. శోషణ ఇంకా కింది ఫ్రీక్వెన్సీలకు దిగుతుంది, అది కూడా ఉచితంగా. ఇక విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి. ఆనించి పెట్టిన గుడ్డ వెనక బూజు పడుతుంది, గాలి ఆడితే పడదు. చట్రం చెక్కకు చెదల మందు పూయించాలి, నేలకు తగలకుండా కింద రబ్బరు బుష్‌లు వేయాలి. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వని ఓనర్లు ఉంటారు. కప్పుకు వేసే ఒక్కదాన్ని వదులుకుంటే, మిగతా ఏడూ కాళ్లు బిగించి నిలబెట్టొచ్చు. ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు కూడా.

కొలవడం, ఈక్యూతో దిద్దడం

రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. స్పీకర్లలోంచి ఒక స్వీప్ పంపి, తల ఉండే చోట పెట్టిన మైక్‌తో విని, గది ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచుతోందో, అది ఎంత సేపటికి ఆరుతోందో గ్రాఫ్ గీస్తుంది. చవకైన కొలత మైకుల్లో బెరింగర్ ఇసిఎమ్8000 చాలాకాలంగా వాడుకలో ఉంది. ఫోన్ మైక్ ఈ పనికి నమ్మకం కాదు. చాలా ఫోన్లు గాలి హోరు రాకుండా బేస్‌ను ముందే కోసేస్తాయి, గదిలో లేని గుంత గ్రాఫ్‌లో కనిపిస్తుంది.

గ్రాఫ్ చూడగానే ఈక్యూతో సరిచేద్దామనిపిస్తుంది. గుట్టలను కొంతవరకు దించొచ్చు, మోడ్ వల్ల వచ్చిన గుట్టను తగ్గిస్తే దాని మోత కూడా తగ్గుతుంది. గుంతలను పూడ్చడం కుదరదు. అక్కడ ధ్వని తనను తాను రద్దు చేసుకుంటోంది కాబట్టి పది డెసిబెల్స్ పెంచితే రద్దు చేసే తరంగం కూడా పది పెరుగుతుంది. స్పీకర్ ఒత్తిడికి గురవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. ప్యానెళ్లు, కుర్చీ స్థానం తేలాకే ఈక్యూ జోలికి పోవడం మంచిది.

ఫ్యాను హోరు, పక్కింటివాళ్ల గోల

ప్యానెళ్లు పెడితే పక్కింటికి శబ్దం పోదని చాలామంది ఆశ పడతారు. ఆ పని వేరు. గది లోపలి మోతను తగ్గించేది మెత్తటి వస్తువు, శబ్దాన్ని బయటికి పోకుండా ఆపేది బరువు, సందులు లేకపోవడం. గోడ బరువు రెట్టింపు చేస్తే దక్కేది సుమారు ఆరు డెసిబెల్స్. ఇటుక గోడ ఇప్పటికే బరువైనది, కాబట్టి మన గదిలో ధ్వని కారేది తలుపు కింది అంగుళం సందులోంచి, కిటికీ రెక్కల మధ్య నుంచి. రబ్బరు స్ట్రిప్పులు, తలుపు కింద బ్రష్ పెడితే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది. అంతకు మించి కావాలంటే గదిలో గది కట్టాలి, అది బడ్జెట్ మాట కాదు.

మే నెలలో ఫ్యాను లేకుండా రెండు గంటలు కూర్చోవడం కష్టం. ఫ్యాను హోరులో రివర్బ్ (పాటకు జోడించే ప్రతిధ్వని) తోక, గాయని ఊపిరి శబ్దం వినపడవు. దాంతో రివర్బ్ అవసరానికి మించి వేస్తారు. తిరిగే రెక్కలు ధ్వనిని కోస్తూ సన్నటి వణుకు కూడా తెస్తాయి. కరెంటు పోయి పాతరకం ఇన్వర్టర్ మీద నడిస్తే ఆ ఫ్యాను గీపెట్టడం అదనం. స్థూలమైన బ్యాలెన్స్ పని ఫ్యానుతో చేసుకుని, రివర్బ్, నాయిస్ చూసుకునే పని ఫ్యాను ఆపి చిన్న చిన్న విడతల్లో ముగించడం ఆచరణలో కుదిరే పద్ధతి.

వాల్యూమ్ తగ్గించి వినడం కూడా ఉచిత చికిత్సే. శబ్దం ఎంత తగ్గినా గది మోడ్‌ల నిష్పత్తి మారదు కానీ, బీరువా పలకదు, చెవి అలసిపోదు, పక్కింటివాళ్లు తలుపు కొట్టరు. ఒకటే మెలిక: తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపారు. అందుకే ప్రతిసారీ ఒకే వాల్యూమ్‌లో పనిచేయడం, మార్కెట్లో ఉన్న ఒక మంచి పాటను అదే స్థాయిలో పక్కన వేసి పోల్చడం అవసరం.

హెడ్‌ఫోన్స్ ఎక్కడ వాడాలి

ఇన్ని చేశాక కూడా కాంక్రీటు గదిలో 60 హెర్ట్జ్ కింద చిత్రం పూర్తిగా నమ్మకంగా ఉండదు. నాలుగంగుళాల ప్యానెల్ ఆ లోతుకు దిగదు, ఐదంగుళాల స్పీకర్ కూడా అక్కడికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. హెడ్‌ఫోన్స్‌కు గది లేదు కాబట్టి మోడ్‌లు లేవు. కిక్ డ్రమ్, 808 మధ్య ఏది ఎంత ఉండాలి, బేస్ లైన్‌లో నోట్లు సమానంగా ఉన్నాయా, కింద అనవసరమైన హోరు ఏదైనా ఉందా అన్నవి హెడ్‌ఫోన్స్‌లోనే తేల్చుకోవాలి.

గొంతు ఎంత ముందుండాలి, వాద్యాలు ఎడమ కుడి ఎంత విడిపోవాలి, రివర్బ్ ఎంత అన్నవి స్పీకర్లలో తేల్చాలి. హెడ్‌ఫోన్స్‌లో ఎడమ చానెల్ కుడి చెవికి అస్సలు చేరదు. అక్కడ విశాలంగా ఉన్న కోరస్ స్పీకర్లలో ముడుచుకుపోతుంది, మధ్యలో ఉన్న గొంతు స్థాయి కూడా మారుతుంది. ముందు ఎనిమిది ప్యానెళ్లకు డబ్బు సరిపోకపోతే మూలలకు నాలుగు చేయించి, మిగిలినదాంతో ఒక మంచి ఓపెన్ బ్యాక్ (చెవి డిప్పల వెనక గాలి ఆడే) హెడ్‌ఫోన్స్ కొనడం, పక్క గోడలకు ప్రస్తుతానికి మందపాటి బొంతలు మడతలుగా వేలాడదీయడం అర్థవంతమైన పంపకం. స్పీకర్లను ఎనిమిది అంగుళాల వాటికి మార్చడం ఈ వరసలో చిట్టచివరిది. గది సిద్ధం కాకముందు పెద్ద స్పీకర్ తెస్తే అది 47 హెర్ట్జ్ మోడ్‌ను ఇంకా గట్టిగా మోగించడమే చేస్తుంది.